రేవు వరకే నాది

ఒక బొమ్మల సీరియల్ రాసినవాళ్ళ మీద ఇరవై ఏళ్ళకు పైగా కోపం పెట్టుకున్న మనిషి నేను తప్ప ఇంకొకరు ఉంటారనుకోను. ఉంటే వాళ్ళతో కూర్చుని ఓ కప్పు కాఫీ తాగాలని ఉంది. ఆ సీరియల్ ఏ దేశానిదో నాకు తెలియదు. చివర్లో పేర్లు పడేవి గానీ అవి మాకు చదవరాని అక్షరాలు. తెలుగు మాటలు రాసినవారి పేరయితే వేసేవారే కాదు. ఆయనో ఆవిడో, ఎవరైతేనేం, మొదటిసారి రాసినవారికి నేను రుణపడి ఉన్నాను. రెండోసారి రాసినవారు ఎదురుపడితే ఏం చేస్తానో నాకే తెలియదు.

తొంభైలలో నేను పాడేరులో మిషన్ వాళ్ళ ఆడపిల్లల హాస్టల్లో ఉండి చదువుకున్నాను. మా ఊరు ముంచింగిపుట్టు దాటి ఇంకా లోపలికి వెళ్ళాలి. జీపు దిగాక నడకే. ఊళ్ళో కరెంటు ఉన్నట్టే ఉండేది, టీవీ మాత్రం ఎవరికీ లేదు. హాస్టల్లో ఒకటుండేది, వార్డెనమ్మ గదిలో, కుట్టుపూల గుడ్డ కప్పుకుని. ఆదివారం పొద్దున్నే తొమ్మిదింటికి ఆ గుడ్డ తీసేవారు. ఆరాధన పదిన్నరకి. మేమంతా తలంట్లు పోసుకుని, జడలేసుకుని, బైబిలూ పాటల పుస్తకమూ ఒళ్ళో పెట్టుకుని నేలమీద కూర్చునేవాళ్ళం. అరగంట బొమ్మల కథ చూసి, అలాగే లేచి వరసగా గుడికి నడిచేవాళ్ళం.

కథ ఇది. ఒక ఊళ్ళో నిప్పంతా ఆరిపోతుంది. మిగిలిన ఒక్క నిప్పుకణికను కుండలో పెట్టుకుని ఒక పిల్ల ఏడు నదులు దాటి, పొద్దుపొడిచే కొండకి చేరాలి. ఆ నదుల మీద ఆమెను దాటించేది పడవ నడిపే ఒకామె. ఇద్దరికీ పేర్లున్నాయి గానీ మా మామ్మ ఎప్పుడూ వాళ్ళను ఆ పేర్లతో పిలవలేదు. కుండ గుంట, పడవమ్మ అనేది; గుంటంటే మావైపు ఆడపిల్ల. నేనూ అలాగే అంటాను.

మూడో వారంలో కుండ గుంట తినడానికి ఒడ్డుకి రమ్మని పిలుస్తుంది. తను నేలమీద కాలుపెడితే నీరైపోతానని పడవమ్మ చెబుతుంది. అంతే, ఒక్క మాట. ఆ తర్వాత ఆ సంగతి మళ్ళీ ఎవరూ ఎత్తరు. కానీ కథ సాగినన్నాళ్ళూ పడవమ్మ పడవలోనే పడుకుంటుంది. ఒడ్డున పెట్టిన గిన్నెను తెడ్డుతో దగ్గరకి లాక్కుంటుంది. ఒకసారి ఒడ్డున ఎవరి పసిపిల్లో గుక్కపెట్టి ఏడుస్తుంటే ఎత్తుకోలేక, పడవను అటూ ఇటూ ఊపుతూ దూరం నుంచే జోకొడుతుంది. మాకు గుర్తుచేయకుండానే గుర్తుండేలా రాశారు. పన్నెండేళ్ళ పిల్లలం, రాయడం గురించి మాకేం తెలుసు? అయినా మమ్మల్ని ఎవరో గౌరవిస్తున్నారని మాత్రం తెలిసింది.

తెలుగు కూడా అలాంటిదే. బొమ్మల నోళ్ళు ఇంకా కదులుతూనే ఉండేవి, మాట అయిపోయేది. నోటి కదలికకు సరిపెట్టడానికి పనికిరాని మాటలు కూరలేదు. ఆఖరి ఆదివారం, ఏడో నది రేవులో నాచు పట్టిన రాళ్ళమీద కుండ గుంట జారుతుంది. కుండ దొర్లిపోతుంది. పడవమ్మ ఒక కాలు బయట పెడుతుంది, తర్వాత రెండోది. కుండ పట్టి పిల్ల చేతిలో పెడుతుంది. పిల్ల ఆమెను పట్టుకుని వదలదు. అప్పుడు పడవమ్మ అంటుంది: “రేవు వరకే నాది. ఆపైన నడక నీది.” పాదాల నుంచి మొదలుపెట్టి నీరవుతుంది. పాట లేదు, మద్దెల లేదు, నీళ్ళ చప్పుడొక్కటే. వార్డెనమ్మ టీవీ కట్టేసి, బేగి నడవండి గంట కొట్టేశారని మమ్మల్ని కసిరింది. ఆమె ముక్కు ఎర్రగా ఉంది.

సెలవుల్లో ఆ కథంతా మామ్మకి చెప్పడం నా పని. మామ్మంటే నాన్నకి అమ్మ. తాతయ్య వడ్రంగి. గుడి కట్టడానికి మైదానం నుంచి వచ్చి ఆ కొండల్లోనే ఉండిపోయాడు. మామ్మకి చదువు రాదు. కానీ బైబిలు కథల్లో సగానికి పైగా ఆమె నోట్లో ఉండేవి. పడుచుతనంలో మిషన్ నుంచి ఒకామె నెలకోసారి నడిచి వచ్చి, ఇంటింటికీ కూర్చుని కథలు చెప్పేదట. ఆ నోట విన్నవి ఈ నోట పెట్టుకుంది. చదువురాని మనిషికి చెప్పేవాళ్ళే కళ్ళని ఆమె నమ్మకం. అందుకే ఒక కట్టడి పెట్టుకుంది. చూసింది చూసినట్టు, విన్నది విన్నట్టు చెప్పాలి. అలా చెబితేనే ఊ కొడుతుంది. ఒక్క మాట కల్పించినట్టు తోచినా ఊ ఆగిపోతుంది.

గుడిలో కూడా అంతే. ముందు వరుసలో చాపమీద కూర్చుని ప్రసంగానికి ఊ కొట్టేది. ఒకసారి కొత్తగా వచ్చిన పాస్టరు గారు, ఓడ ఎక్కేముందు నోవహు భార్య మొగుణ్ణి ఎలా సాధించిందో సరదాగా వర్ణించారు. గుడంతా నవ్వింది. మామ్మ ఊ ఆపేసింది. పాస్టరు గారు రెండు నిమిషాలు తడబడి, ఆ భార్యను అక్కడే వదిలేసి ఓడలోకి వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆయన మా గుడిలో ఉన్నన్నేళ్ళూ మళ్ళీ ఏదీ కల్పించలేదు.

ఎండాకాలం మధ్యాహ్నాలు వసారాలో కూర్చుని చింతపండు పిక్కలు తీసేవాళ్ళం. మామ్మ రాయిమీద కొట్టేది, నేను పిక్క లాగేదాన్ని. ఆ పనిలోనే కథ నడిచేది. పాడేరులో కరెంటు పోయిన వారాలు కొన్ని ఉండేవి. మొదటిసారి అలాంటి వారం వచ్చినప్పుడు ఏం చెప్పాలో తెలియక ఆగిపోయాను. చూడలేదు మామ్మా, కరెంటు పోయింది అన్నాను. కోప్పడుతుందనుకున్నాను. ఆమె దానికీ ఊ కొట్టింది.

“అక్కడ కన్నం ఉండనీ. ముందుకెల్లు” అంది.

ఆ కన్నాలు అలాగే ఉండేవి. మూడో నదికీ నాలుగో నదికీ మధ్య ఏం జరిగిందో మా ఇద్దరికీ ఎప్పటికీ తెలియలేదు. దానివల్ల కథకి ఏ లోటూ రాలేదు.

ఆఖరి భాగం చెప్పిన రోజున మామ్మ రాయి పక్కన పెట్టేసి, ఆ పూట ఇక చింతపండు ముట్టలేదు. తర్వాతి ఆదివారం గుడిలో పాస్టరు గారు ప్రార్థన మనవులు అడిగారు. ఒకరి జ్వరం, ఒకరి గేదె, ఒకరి కోడలి పురుడు అయ్యాక మామ్మ లేచింది. ఒక పడవమ్మ ఒక గుంటని దాటించి తాను నీటిలో కలిసిపోయిందని చెప్పింది. పోయినవాళ్ళ కోసం మా సంఘంలో ప్రార్థన చేయరని ఆమెకి తెలుసు. అందుకే ఆమె కోసం అడగలేదు. ఒడ్డున ఒంటరిగా మిగిలిన గుంట కోసం, ఆ కుండలో నిప్పు ఆరకుండా ఉండటం కోసం ప్రార్థించమంది. మత్స్యగెడ్డలో ఎవరో మునిగారనుకుని ఆడవాళ్ళు అయ్యో అన్నారు. పాస్టరు గారు మనస్ఫూర్తిగా ప్రార్థన చేశారు. నేను సిగ్గుతో తల పైకెత్తలేదు. ఇప్పుడయితే నాకు అంతకంటే గర్వమైన ఆదివారం ఇంకొకటి లేదు.

నేను ఇంటర్ రెండో సంవత్సరంలో ఉండగా తాతయ్యకి జ్వరం వచ్చింది. డోలీ కట్టి రోడ్డు వరకూ మోశారు. జీపు వచ్చేలోగా పోయాడు. సమాధుల తోటలో పెట్టెను దించాక మామ్మ దోసిట్లో మట్టి తీసుకుంది. ఏదైనా వాక్యం చెబుతుందని అందరూ చూశారు. ఆమె తాతయ్యతో మామూలుగా మాట్లాడినట్టే, “రేవు వరకే నాది. ఆపైన నడక నీది” అని మట్టి వేసింది. ఇది ఏ గ్రంథంలోదమ్మా అని పాస్టరు గారు మెల్లగా అడిగారు. ఆదివారం బొమ్మల కథలోది అంది మామ్మ. ఆయన నవ్వలేదు. ఆ మంచితనం నేను మర్చిపోలేదు.

తాతయ్య మిగిల్చిన మద్ది చెక్కతోనే సిలువ చేయించారు. దానిమీద వాక్యానికి బదులు ఆ మాటే రాయమంది మామ్మ. నల్ల పెయింటుతో నేనే రాశాను. ఆరాక చదవమంది. చదివాను. ఊ అంది. ఏది రేవు, ఏది నడక అని అడిగితే ఆమె వేలు పట్టుకుని ఒక్కో అక్షరం మీద పెట్టి చూపించాను. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఆరాధన అయ్యాక వెళ్ళి, వేలితో రేవు దగ్గర ఒకసారి, నడక దగ్గర ఒకసారి తడిమి వచ్చేది. ఆమె చదవగలిగిన అక్షరాలు ఆ అయిదే. అవీ నా మాట మీద.

నేను విశాఖలో బి.ఎడ్. చేస్తున్నప్పటికి కాలం మారిపోయింది. హాస్టల్ హాల్లో పెద్ద టీవీ, పొద్దస్తమానం బొమ్మలే చూపించే ఛానెలు. ఒకరోజు అన్నం తింటుంటే ప్రకటన వచ్చింది: పడవమ్మ మళ్ళీ వస్తోంది! ఎలా వస్తుంది, నీరైపోయింది కదా అనుకున్నాను. మరుక్షణం నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. ఒక్క మాటను మూడో వారం నుంచి ఆఖరి వారం దాకా దాచగలిగినవాళ్ళు ఊరికే తెస్తారా? ఏదో ఆలోచించే ఉంటారు. ఆ సంతోషంలో ఇంటికి ఉత్తరం కూడా రాశాను, మామ్మకి చదివి వినిపించమని. అసలు బాధ ఇదే. కథ బాగాలేకపోవడం పెద్ద విషయం కాదు, చాలా కథలు బాగుండవు. నేను వాళ్ళని నమ్మాను.

మొదటి భాగం మొదటి సీన్లోనే పడవమ్మ రేవులో డాన్సు చేస్తోంది. నేలమీద. చెప్పులేసుకుని. సరే, వచ్చేవారం చెబుతారు అనుకున్నాను. వచ్చేవారం చెప్పలేదు. కుండలో నిప్పు ఇప్పుడు తుపాకీలా పేలుతోంది. అసలు ఆ నిప్పు దేనికోసం మోసుకెళ్ళారో ఎవరికీ గుర్తున్నట్టు లేదు. మాట్లాడే కప్ప ఒకటి చేరింది, అది ప్రతి మాటకీ సినిమా డైలాగు కొడుతుంది. నోరు కదిలినంతసేపూ మాటలే మాటలు, సందు దొరికితే ఇంగ్లీషు. ఆరో వారంలో కుండ గుంటే అడుగుతుంది, నువ్వు నీరైపోయావుగా అని. నేను కుర్చీ అంచున కూర్చున్నాను. పడవమ్మ కన్నుకొట్టి, “అదంతా పాత సీజన్!” అంటుంది. కప్ప చప్పట్లు. వెనకనుంచి నవ్వులు.

అప్పటికీ లేచి వెళ్ళిపోయేదాన్నేమో. కానీ ఇంకోటి మిగిలే ఉంది. కొత్త కథలో పడవమ్మ ఎవరినైనా నడి నదిలో పడవలోంచి తన్ని నీళ్ళలో పడేస్తుంది. పడేసి, చేతులు దులుపుకుని, “రేవు వరకే నాది! ఆపైన నడక నీది!” అంటుంది. భాగానికి రెండుసార్లు. మళ్ళీ నవ్వులు, మళ్ళీ కప్ప చప్పట్లు. మొదటిసారి విన్నప్పుడు మా సమాధుల తోటలోకి ఎవరో చెప్పులతో వచ్చి ఆ సిలువకి ఆనుకుని పళ్ళు కుట్టుకుంటున్నట్టు అనిపించింది. ఏడ్చాను. నా రూమ్మేటు నవ్వింది, చిన్నపిల్లల కార్టూనుకి ఏడుపేంటే అని. చిన్నపిల్లలే కదా అనుకుని రాసినట్టు తెలుస్తోంది, అందుకే ఏడుస్తున్నానని చెప్పాను. ఆమెకి అర్థం కాలేదు.

ఛానెలుకి ఉత్తరం రాశాను, ఇన్‌లాండ్ కవరు నిండా ప్రశ్నలతో. నీరైనామె ఎలా వచ్చింది? వస్తే ఆ పిల్లని ఎందుకు గుర్తుపట్టనట్టు ఉంది? ఆ మాటను ఎందుకు అలా వాడారు? ఆ మాట ఎక్కడెక్కడికి వెళ్ళిందో మీకు తెలుసా? నెల తర్వాత జవాబొచ్చింది. కప్ప బొమ్మ స్టిక్కరు, కింద “థాంక్యూ ఫ్రెండ్!” అని అచ్చు. ఇంకేమీ లేదు.

ఆ కోపంలో, క్లాసులో వెనక బెంచీ మీద కూర్చుని, నేనే ఇంకో కథ అల్లుకున్నాను. కుండ గుంట పెద్దదవుతుంది. రేవులో ఖాళీగా ఊగుతున్న పడవ ఆమెదవుతుంది. ఒకరోజు తనలాంటి పిల్లే నిప్పుకుండతో వస్తుంది. ఇలా రాయలేకపోయారా దద్దమ్మలు అని ప్రతి మలుపు దగ్గరా తిట్టుకుంటూ అల్లాను. వాళ్ళదానికంటే బాగుంది. ఆ గర్వం కూడా దాచుకోను.

వేసవిలో ఇంటికి వెళ్ళేసరికి మామ్మ సగం చింతపండు అలాగే ఆపి ఉంచింది, నా కోసం, కథ కోసం. కళ్ళలో పొర వచ్చింది. ఊళ్ళో కొట్టు వాళ్ళింట్లో టీవీ చేరింది గానీ, బొమ్మలు తనకి అందకుండా పారిపోతున్నాయని ఆమె అటు వెళ్ళదు. ఉత్తరం విన్నప్పటి నుంచీ ఎదురుచూస్తోందట. పడవమ్మ ఎలా వచ్చిందో సెప్పు, అంది కూర్చోగానే.

నిజం చెప్పొచ్చు. అంత మాట చెప్పలేకపోతే చూడ్డం మానేశానని చెప్పొచ్చు. కన్నం ఉండనీ అంటుంది, ఆ దారి మా ఇద్దరికీ పాతదే. ఘాట్ రోడ్డు బస్సులో వస్తున్నంతసేపూ అదే చెప్పాలనుకున్నాను కూడా. కానీ ఆమె వేళ్ళు పిక్కమీద ఆగి ఉన్నాయి, మొహం నావైపు తిరిగి ఉంది. నా కథ నా నాలుక చివరే ఉంది. మొదలుపెట్టేశాను.

మూడు మధ్యాహ్నాలు చెప్పాను. మామ్మ ఊ కొట్టింది. పడవ ఖాళీగా ఊగడానికి ఊ కొట్టింది, కుండ గుంట తెడ్డు పట్టుకోవడానికి ఊ కొట్టింది. మూడో రోజు ఆఖరున, కొత్త పిల్లని దాటించి కుండ గుంట ఏడుస్తుంటే, నీళ్ళలోంచి పడవమ్మ గొంతు వినిపించి ఓదార్చినట్టు చెప్పాను. అది అతి అని చెబుతున్నప్పుడే తెలుసు. అయినా ఆమెకి ఏదో తీపి మిగల్చాలనిపించింది. ఊ రాలేదు.

“నీరైపోయినోళ్ళు మాటాడతారేటే?” అంది.

ఇందులో మాట్లాడింది మామ్మా అన్నాను.

“నువ్వు సూసినావా?”

“చూశాను.”

మామ్మ ఇంకో కాయ రాయిమీద కొట్టి ఊ అంది. తన బుద్ధికి తోచింది పక్కన పెట్టి, నా కళ్ళని నమ్మి ఊ అంది. బాగా సెప్పినారు ఆళ్ళు, అని మెచ్చుకుంది కూడా. నాకు సంతోషమేసింది. అది గుర్తొస్తే ఇప్పటికీ చెంప ఛెళ్ళుమంటుంది.

నాలుగు రోజులు గడిచాయి. వసారాలో మేమిద్దరం పిక్కలు తీస్తుంటే, పక్కింటి గుంట ఇంకో ఇద్దరు పిల్లలతో మా మెట్లమీద ఆడుకుంటోంది. దానికి ఎనిమిదేళ్ళుంటాయి. మెట్టుమీద నిలబడ్డ పిల్లని కిందికి తోసి, నడుమ్మీద చేతులు పెట్టుకుని, “రేవు వరకే నాది! ఆపైన నడక నీది!” అని అరిచింది. రెండోది కప్పలా చప్పట్లు కొట్టింది. ముగ్గురూ పడి పడి నవ్వారు.

మామ్మ చేతిలో రాయి ఆగింది. గుంటని దగ్గరకి పిలిచి, ఆ మాట ఎక్కడిదని అడిగింది. టీవీలోదని, పడవాంటీ అందరినీ తన్నేసి అలాగే అంటుందని గుంట చెప్పింది. ఆమె నేలమీద నడుస్తుందా అని అడిగింది మామ్మ. నడుస్తాది మామ్మా, డాన్సు కూడా ఆడతాది, అంది గుంట ఉత్సాహంగా. మొదటినుంచి సెప్పు, అంది మామ్మ.

గుంట చెప్పింది. కప్ప గురించి, తుపాకీ కుండ గురించి, పాత సీజన్ గురించి, ఒక్కటీ వదలకుండా, చూసింది చూసినట్టు. మధ్యలో రెండు వారాలు తనకి జ్వరమొచ్చి చూడలేదని కూడా చెప్పింది. మామ్మ ప్రతిదానికీ ఊ కొట్టింది. ఆ చెత్తకి, ఒక్కో ముక్కకీ, తలాడిస్తూ ఊ కొట్టింది. నేను పక్కనే కూర్చుని పిక్కలు తీస్తూనే ఉన్నాను. నా కథకి కొట్టిన ఊలన్నీ ఒక్కొక్కటీ వెనక్కి తీసుకుంటున్నట్టే ఉంది. ఆ క్షణం నాకు మామ్మ మీద కూడా కోపమొచ్చింది. అంత మంచి కథకి నేను దొంగనయ్యాను, ఈ దరిద్రపు కథ నిజమయింది.

పిల్లలు వెళ్ళిపోయాక నేనే మొదలుపెట్టాను. వాళ్ళు కథని ఎలా పాడుచేశారో, తాతయ్య సిలువ మీది మాటని ఎలా నవ్వులపాలు చేశారో, అది వింటే నువ్వు తట్టుకోలేవని ఎలా అనుకున్నానో, అన్నీ చెప్పాను. ఛానెలుకి రాసిన ఉత్తరం గురించీ కప్ప స్టిక్కరు గురించీ చెప్పాను. నిజమే చెబుతున్నాను. ఒక్కదానికీ ఊ రాలేదు.

“ఆళ్ళు సెడగొట్టినారు, సరే. ఆళ్ళు నాకేటవుతారు?” అంది చివరికి. “సూసినానని సెప్పింది నువ్వు.”

క్షమించు మామ్మా అన్నాను.

“కన్నమని సెప్తే నాను ఊ కొట్టనా?”

 మామ్మ మిగిలిన చింతపండు గంపలోకి ఎత్తి లోపలికి వెళ్ళిపోయింది. ఆ సాయంత్రం చోడి అంబలి ఎప్పటిలాగే నాకే ముందు పోసింది, దుప్పటి ఎప్పటిలాగే కప్పింది. తిట్టి ఉంటే బాగుండేది.

ఆదివారం ఆరాధన అయ్యాక, ఎప్పటిలా నా చెయ్యి పట్టుకోవాల్సిన చోట పక్కింటి గుంట చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ సమాధుల తోట వైపు నడిచారు. నేను వెనకాలే వెళ్ళి, కంచె దగ్గర ఆగిపోయాను. పొర కమ్మిన కళ్ళతో మామ్మ సిలువని తడుముకుని, మొదటి అక్షరం మీద వేలు పెట్టింది. ఇక్కడ ఏం రాసుందో చదవమంది.

గుంట రెండో తరగతి. వంగి, కూడబలుక్కుంటూ చదివింది. రే, వు, రేవు. వ, ర, కే, వరకే. మామ్మ వేలు దాని గొంతుతో పాటే జరిగింది. ఆఖరి అక్షరం దాకా వచ్చాక, ఇది టీవీలోదే మామ్మా అని గుంట నవ్వింది.

మామ్మ నవ్వలేదు. వేలు చెక్కమీద నుంచి తీయలేదు.

“అంతేనా? మా గుంట ఇంకేటైనా కలిపినాదా?”

“లేదు మామ్మా. అంతే.”

“ఊ” అంది మామ్మ.